చర్చి మీద మైకు

"దయామణీ, ఇక నువ్వు చర్చికి రానక్కర్లేదు," అన్నారు మా ఆయన, వరమిచ్చినట్టు. నేను కొరమేనును బూడిదేసి రుద్దుతున్నాను. "గుడివాడ నుంచి మైకు సెట్టు తెచ్చాంగా. ప్రసంగం పొయ్యి దగ్గరికే వస్తుంది. నీ పని నీదే, వాక్యం వాక్యమే."

ఆయన సంఘపెద్ద. కొత్త యంత్రమంటే ప్రాణం. నిరుడు పెరట్లో బోరింగు పంపు వేయించారు; కాలవ రేవులో చిట్టెమ్మతో కబుర్లు ఆగిపోయాయి. ఊళ్లోకి బియ్యం మిల్లు వచ్చింది. నాతో కలిసి వడ్లు దంచే పక్కింటి సువర్ణ రావడం మానేసింది. ఒళ్లు సుఖపడింది, కాదనను. కానీ మిగిలిన పొద్దులో నాకు దక్కింది విశ్రాంతి కాదు, ఇంకో కూర. "ఖాళీయేగా" అనేది అత్తయ్య. మనుషుల మధ్య కూర్చునేది ఆదివారం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు అదీ పోయింది.

మొదటి వారం ఇంట్లోనే విన్నాను. ప్రసంగం బాగానే వచ్చింది. పాట దగ్గరే వచ్చింది తంటా. మా చర్చిలో పాట ఎత్తేది చాపల మీద కూర్చున్న ఆడవాళ్లం. మగవాళ్లు వెనక అందుకుంటారు. ప్రతి ఇంట్లోనూ మగవాళ్లు ఇదే మాట చెప్పి ఆడవాళ్లంతా వంటింట్లో ఉండిపోతే, ఒకాయన గొంతు పైన, ఒకాయనది కింద, మధ్యలో పాస్టరుగారి దగ్గు! పగలబడి నవ్వాను. నవ్వి పక్కకి తిరిగితే గోడ ఉంది. భయమేసింది. ముందు ముందు ఇంటికో మాట్లాడే పెట్టె, పెట్టె ముందు ఒంటరిగా ఒక ఆడది, పక్కింటామె బతికుందో లేదో కూడా ఆ పెట్టే చెప్పాలేమో!

ఆ మరుసటి ఆదివారం మైకు ఎలా వినబడుతుందో చూస్తానని ఆయన ఇంటి అరుగు మీదే కూర్చున్నారు. నేను పులుసు పొయ్యి మీద పెట్టి, చేతులు కడుక్కుని, తెల్లచీర కట్టుకున్నాను.

"కూరో?" అంది అత్తయ్య.

"ఉడుకుతోందండీ," అని గడప దాటాను.

"వదినా, ఎక్కడికే?" అంది సువర్ణ, తడిచేతులతో తన గుమ్మంలోకి వచ్చి.

"పాట ఎత్తడానికి. రా!"

వీధి చివరికి వచ్చేసరికి నా వెనక ఆడవాళ్లంతా ఉన్నారు. ఒకామె చేతిలో గరిటె కూడా ఉంది. చాపలు నిండిపోయాయి. పాస్టరుగారు నవ్వుతూ మైకు మా వైపు జరిపారు. నేను ఎత్తాను, అందరూ అందుకున్నారు. మా గొంతులు ఊరు చుట్టి తిరిగి మా చెవిన పడుతుంటే ఎంత సంతోషమేసిందో! ఇంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు.

పాట అయ్యాక పులుసు గుర్తొచ్చింది. మైకు ఇంకా నా ముందే ఉంది. ఏమండీ అంటే ఊళ్లో మగవాళ్లందరూ పలుకుతారు. ఆయన పేరేమో పెళ్లయినప్పటి నుంచి నా నోట రాలేదు. సువర్ణ చేయి గట్టిగా పట్టుకున్నాను.

"తోమాసు గారూ! పులుసు అడుగంటుతుంది, దించుకోండి. మేం ఇంకా కబుర్లు చెప్పుకుని వస్తాం."