వట్టి నీళ్లు మరిగిన పొద్దు

నేను ఒక కంచు గుండిగను. ఓడిన సైన్యం కత్తులు కరిగించి, గెలిచిన సైన్యానికి అన్నం వండటానికి నన్ను పోతపోశారు. మనుషులు దాన్ని పొదుపు అన్నారు.

పాత చీనా దేశంలో, ఒక పెద్ద నది ఒడ్డున విడిదిచేసిన దండులో బావో అనే వంటవాడి చేతికి వచ్చాను. అతని భార్య చున్ నా పక్కన నిలబడి, సిపాయిలను పేరుపేరునా కేకేసి వడ్డించేది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు ఫూ కూడా గిన్నె పట్టుకుని ఆ వరుసలోనే వచ్చేవాడు.

ఆ ఏటి వానలకు దండులో విషజ్వరం పాకింది. సగం మంది చనిపోయారు. ఫూ కూడా చనిపోయాడు. అవతలి ఒడ్డున శత్రువు కాచుకుని ఉన్నాడు. రోజూ పొద్దున్నే మా పొయ్యిల పొగ చూసి మా బలం అంచనా కట్టేవాడు. మిగిలినవాళ్లను కొండదారిన తప్పించాలని సేనాపతి గెంగ్, బావోనూ చున్‌నూ పిలిపించాడు.

"మేం కనుమ దాటేదాకా పొయ్యిలు ఆరకూడదు. వట్టి నీళ్లే కాచు. లోపల ఏం ఉడుకుతోందో పొగ చెబుతుందా ఏమిటి?"

"చిత్తం దొరా," అన్నాడు బావో.

"పొగ ఒక్కటే చాలదు దొరా. కేకలు కూడా వినబడాలి," అంది చున్.

సైన్యం చీకటితోనే వెళ్లిపోయింది. తెల్లవారేసరికి నది మీంచి మంచు దట్టంగా పాకి వచ్చింది. ఖాళీ గుడారాల మధ్య బావో పొయ్యిలన్నీ ముట్టించాడు. చున్ గిన్నెలు బారులుగా పరిచి పేర్లు పిలవసాగింది. వెళ్లినవాళ్లను పిలిచింది. చచ్చిపోయినవాళ్లనూ పిలిచింది.

"ఒరే ఫూ! అన్నం చల్లారిపోతోందిరా!"

"వాణ్ణి పిలవకే," అన్నాడు బావో.

"అందర్నీ పిలిచి వాణ్ణొక్కణ్ణీ వదిలేస్తే ఏమనుకుంటాడయ్యా?"

అప్పుడు మంచులోంచి జవాబు వచ్చింది.

"వస్తున్నానమ్మా!"

బావో చేతిలోని గరిటె జారి నాలో పడింది.

మా సిపాయి దుస్తుల్లో ఒక యువకుడు బయటపడ్డాడు. ఫూ కాదు. కాళ్లకు నది బురద ఇంకా తడిగానే ఉంది. శత్రువు పంపిన వేగు అని చున్‌కు చూడగానే తెలిసిపోయింది. అయినా ఆమె అరవలేదు. తమ ఇద్దరి కోసం దాచుకున్న గుప్పెడు కొర్రన్నం అతనికే పెట్టింది.

"కూర్చో నాయనా, తిను."

అతను తిన్నాడు. లేచి నాలోకి తొంగి చూశాడు. ఇతను ఒక్క మాట చేరవేస్తే చాలు, శత్రువు గుర్రాలు మావాళ్లను కనుమలోనే పట్టుకుంటాయి.

"ఇందులో ఏమీ లేదే," అన్నాడు మెల్లగా.

"ఉంది. వాళ్లకు సరిపడా ఉంది," అంది చున్.

అతను బారులు తీరిన గిన్నెల వైపు తిరిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎదురొచ్చేవాళ్లకు దారి ఇచ్చినట్టు పక్కకు జరిగాడు. తలవంచి మళ్లీ జరిగాడు. ఆ తర్వాత నది వైపు పరుగెత్తాడు.

బావోకు ఎవరూ కనబడలేదు. నాకూ కనబడలేదు. మంచు విడిపోయాక చూస్తే గిన్నెలన్నీ అడుగుదాకా తడిసి ఉన్నాయి. మంచు తేమే అన్నాడు బావో. కానీ నాలో నీళ్లు సగానికి దిగిపోయాయి.

ఆ రోజు శత్రువు నది దాటలేదు, మర్నాడూ దాటలేదు. దండు నిండా జనమే ఉన్నారని వేగు చెప్పాడట. అతను జాలిపడి అబద్ధమాడాడో, చూసిందే చెప్పాడో నాకు తెలియదు. మావాళ్లు క్షేమంగా కనుమ దాటారు. బావో, చున్ వాళ్ల వెనకే వెళ్లారు. బరువని నన్ను వదిలేశారు. వరదలు వచ్చి నన్ను కప్పేశాయి.

ఇప్పుడు ఒక ప్రదర్శనశాలలో, అద్దాల వెనక ఉన్నాను. తద్దినాల పాత్రననుకున్నారేమో, నా కింద పలక మీద, "చనిపోయినవారికి అన్నం పెట్టిన పాత్ర" అని రాశారు. బావో చదివితే నవ్వేవాడు. చున్ నవ్వేది కాదు.