పదిన్నరకి రెండు శాల్తీలు

మా ఆయన యోస్ట్, వెన్లో అనే ఊళ్ళో ఒక గోదాములో సరుకు దింపించుకునే విభాగానికి పెద్ద. ఏ లారీ ఎన్నింటికి వస్తుందో, అందులో సరుకు పేర్చిన చెక్క ప్యాలెట్లు ఎన్నున్నాయో ముందురోజే కబురందాలి. అందకపోతే లారీలో బంగారమున్నా తలుపు తియ్యడు. ఇంట్లోనూ అంతే. కన్నతల్లి కూడా వారం ముందు చెప్పి వస్తుంది. వచ్చే తలకొక్క ముక్క చొప్పునే చెర్రీ పళ్ళ ఫ్లాయ్ అనే తీపి రొట్టె కొంటాడు.

పోయిన నెల, కబురులో ఇరవై నాలుగు ప్యాలెట్లని ఉంటే ఇరవై ఐదు తెచ్చిన డ్రైవరును నాలుగు గంటలు గేటు బయట కూర్చోబెట్టాడు. ఆ డ్రైవరు పేరు రూబెన్. మా అమ్మాయి ఫెన్నా పెళ్ళాడదామనుకుంటున్నది అతన్నే.

"లెక్క తప్పేవాడికి నా ఇంట్లో ఏం పని?" అన్నాడు యోస్ట్.

"లెక్క రాసింది ఆఫీసువాళ్ళు. అతను తోలాడంతే."

"తోలేముందు చూసుకోవద్దూ?"

ఫెన్నా ఫోనులో ఏడ్చింది. "అతనికి తలుపు తియ్యకపోతే ఇక నేనూ రానమ్మా."

నేను ఓదార్చలేదు. ఏం పంపాలో, ఏ వరసలో రాయాలో చెప్పానంతే.

గురువారం యోస్ట్‌కి మెయిలు వచ్చింది. "శనివారం, ఉదయం పదిన్నర. శాల్తీలు రెండు: కూతురు ఒకటి, డ్రైవరు ఒకటి. వెంట చెర్రీ ఫ్లాయ్ ఒకటి. జాగ్రత్తగా దింపుకోవలెను."

రెండుసార్లు చదివాడు. "వరస తప్పలేదు," అని గొణిగి అచ్చు తీసి పెట్టుకున్నాడు.

శనివారం పదీ పదికే కారొచ్చి ఎదురుగా ఆగింది. ఎవరూ దిగలేదు. వేళకి ముందు గంట కొట్టడం మర్యాద కాదు కదా. యోస్ట్ కాగితం పట్టుకుని కర్టెన్ వెనక నిలబడ్డాడు. వాన మొదలైంది.

"ఇరవై నిమిషాలు ముందొచ్చారు."

"అయితే పిలువు."

"వేళ కాలేదు."

"సరే, కూర్చోనీ. అతనికి అలవాటేగా."

నేను కాఫీ పెట్టి వచ్చేసరికి కర్టెన్ దగ్గర మనిషి లేడు. ఇంటి చెప్పులతో, గొడుగైనా లేకుండా వెళ్ళి కారు అద్దం మీద తడుతున్నాడు. గోదాములో లారీలను పిలిచే గొంతుతోనే, "ఒకటో తలుపు ఖాళీ. రండి," అన్నాడు. ముప్పై ఏళ్ళలో వేళకి ముందు ఆయన తలుపు తియ్యడం నేను చూడలేదు.

రూబెన్ చేతిలో నాకోసం తులిప్ పూల కట్ట ఉంది. గుమ్మంలో యోస్ట్ కాగితం చూసుకున్నాడు.

"ఇది ఇందులో లేదే."

"కారులో పెట్టేసొస్తాను సార్."

ఫెన్నా నా చెయ్యి పట్టుకుంది.

యోస్ట్ పెన్ను తీసి, తడిసిన కాగితం మీద "పూలు, అదనం. ముట్టినవి" అని రాసి సంతకం పెట్టాడు.

తర్వాత వంటింట్లో నా వెనక చేరి, "జాగ్రత్తగా దింపుకోవలెనని రాయించిందెవరో నాకు తెలుసులే," అన్నాడు.

"ఆఫీసువాళ్ళేమో," అన్నాను.