రబ్బరు కోడి

అమెరికా ఉత్తరాన డులూత్ ఊళ్ళోని ఆ ఆఫీసులో ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. ఎవరివల్ల పని ఆగితే వాళ్ళ బల్ల మీదికి పసుపు రంగు రబ్బరు కోడి వచ్చి కూర్చుంటుంది. ఇంకొకరివల్ల పని ఆగేదాకా దాన్ని తీయకూడదు. చలికాలం మొదలైనప్పటి నుంచీ అది లోర్నా పికెట్ బల్ల మీదే ఉంది.

ఆమె టెస్టర్. ఇతరులు రాసినదాంట్లో తప్పులు వెతకడమే ఆమె ఉద్యోగం. తప్పు దొరికితే పని ఆగుతుంది, పని ఆగితే కోడి వస్తుంది. ఇదెక్కడి న్యాయమని అడిగే నాథుడు లేడు.

వాళ్ళు తయారుచేస్తున్నది ఒక వెబ్‌సైట్. ఇంట్లో హీటర్ ఆగిపోతే అందులో ఒక్క బటన్ నొక్కాలి, మెకానిక్ వస్తాడు. పైవాళ్ళకు చూపించేటప్పుడు పరువు పోకూడదని, నొక్కగానే ఏం జరిగినా జరగకపోయినా "మీ కబురు అందింది, మనిషి వస్తున్నాడు" అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చేలా పెట్టాడు జట్టు పెద్ద బ్రెంట్ హాల్వర్సన్. తర్వాత తీసేస్తానన్నాడు, తీయలేదు. నెట్ పోయినప్పుడు నొక్కితే కబురు ఎక్కడికీ చేరదు, ఆ అక్షరాలు మాత్రం ఠంచనుగా వస్తాయి. లోర్నా అది పట్టుకుంది. ఉదయం అందరూ నిలబడి మాట్లాడుకునే వేళ చెప్పింది.

"నెట్ లేనిచోట ఎవరుంటారు లోర్నా? నువ్వూ నీ కోడీనా?" అన్నాడు బ్రెంట్. అందరూ నవ్వారు.

"అడవి వైపు ఇళ్ళల్లో రోజూ పోతూనే ఉంటుంది. జనం చలికి చస్తారు."

"ఏం చావరులే. ఇంకోసారి ఈ మాటెత్తావంటే కోడిని చంకలో పెట్టుకుని ఇంటికి పోవాల్సిందే. టెస్టు పాసని రాయి."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఈ వయసులో ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు? పాసని రాసింది. రాస్తుంటే ఒళ్ళు మండిపోయింది.

మామూలు మనుషుల చేత కొన్నాళ్ళు వాడించి చూడాలి కదా, అందుకు కొన్ని ఇళ్ళు ఎంచుకున్నారు. వాటిలో ఒకటి బ్రెంట్ తండ్రి ఆర్విడ్‌ది. ఎనభై దాటిన మనిషి, సరస్సు ఒడ్డున అడవిలో ఒక్కడే ఉంటాడు. ఇది నా కొడుకు చేసిందని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు పాపం.

చలి ఎముకలు కొరికేస్తున్న ఒక మధ్యాహ్నం బ్రెంట్‌కు ఫోన్ వచ్చింది. అప్పుడే అతను మినియాపొలిస్ నగరంలో పైవాళ్ళకు సైట్ చూపించడానికి బయలుదేరుతున్నాడు.

"హీటర్ ఆగిందా నాన్నా? నొక్కావా? ఆకుపచ్చగా వచ్చిందా? అయితే వస్తారు, కోటేసుకుని కూర్చో. హీటర్ కంపెనీకి ఫోన్ చేయకు, ఎవర్నీ పిలవకు. నువ్వు ఫోన్ చేస్తే ఇక టెస్టేముంది? నా పరువు పోతుంది."

ఎదుటి బల్ల దగ్గర లోర్నా కంప్యూటర్‌లో వెతికి చూసింది. ఆర్విడ్ నుంచి ఏ కబురూ రాలేదు. లేచి నిలబడింది, నోరు తెరిచింది కూడా.

"ఏమ్మా, కోడి గుడ్డు పెట్టిందా?" అన్నాడు బ్రెంట్, కోటు తొడుక్కుంటూ.

లోర్నా కూర్చుంది. ముసలాయన ఒక పూట వణికితే వీడికి బుద్ధొస్తుంది, అనుకుంది. మరీ చలేస్తే ఎవరికో ఒకరికి ఫోన్ చేసుకోడా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంటికెళ్ళి సూప్ కాచుకుని, రొట్టె ముంచుకుని తిని పడుకుంది. నిద్ర కూడా పట్టింది.

మర్నాడు తండ్రి ఫోన్ ఎత్తడం లేదని బ్రెంట్ చెబితే పోలీసులు వెళ్ళి తలుపు పగలగొట్టారు. ఆర్విడ్ కోటు మీద కోటు వేసుకుని కుర్చీలోనే ఉన్నాడు, ఒళ్ళో కంప్యూటర్. ఫోన్ జేబులోనే ఉంది. కొడుకు వద్దన్నాడని దాన్ని ముట్టుకోలేదు.

అంత్యక్రియలయ్యాక బ్రెంట్ ఆఫీసుకొచ్చేసరికి రబ్బరు కోడి అతని బల్ల మీద ఉంది. ఎవరు పెట్టారో అందరికీ తెలుసు, ఎవరూ తలెత్తలేదు. అతను దాన్ని చేత్తో పట్టుకుని లోర్నా దగ్గరికొచ్చాడు.

"ఆ రోజు లేచి నిలబడ్డావు, ఏదో చెప్పబోయావు. కబురు రాలేదని అప్పటికే నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఇంకోసారి ఆ మాటెత్తొద్దన్నావుగా," అంది లోర్నా.