వెనక్కి పిలిచేదాకా

చివరి స్థానమే అని పేపర్లో రాశారు, ఆరు జట్లలో ఆరోది, రాసిన అబ్బాయి అక్కడితో ఆగక ఈ సీజన్‌లో మూసీ హాక్స్ గెలుపు అవకాశాలు మృగ్యం అని కూడా రాశాడు, మృగ్యం అంటే వెతుక్కోవలసినది, తొమ్మిదో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా నోట నిలవని మాట, ఈ అబ్బాయి సరిగ్గా వాడాడు, స్టాఫ్ రూములో ఆ ఒక్క ముక్క చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాను, ఎందుకు పెట్టుకున్నానో ఆలోచించలేదు, ఆడపిల్లల బాస్కెట్‌బాల్ లీగ్ గురించి పేపర్లో వచ్చేదే అర కాలమ్, ఒకప్పుడు అందులో షారోన్ పేరు ఉందా అని వెతికేవాణ్ణి, షారోన్, పాయింట్ గార్డ్, మా అమ్మాయి, ఇవాళ కూడా వెతికాను, లేదు, వానాకాలంలో పోయిన మనిషి పేరు చలికాలం సీజన్ వార్తలో ఎందుకుంటుంది, ప్రధాన క్రీడాకారిణి లేని లోటు అని మాత్రం ఉంది, లోటు, ఆ మాట కూడా సరైనదే, నేను దిద్దవలసింది ఏమీ లేదు, అయినా షాలిబండ నుంచి చార్మినార్ దాకా ఈ ఎండలో నడుస్తున్నంతసేపూ చెయ్యి మాటిమాటికీ జేబు మీదికే పోతోంది, కాగితం ఉందా పడిపోయిందా అని, పడిపోతే ఏమవుతుంది, ఏమీ కాదు, ఉంది.

గాజుల వీధి లాడ్ బజార్‌లోకి మళ్లాను, మళ్లక తప్పదు, పొద్దున మా ఆవిడ బేబీ టిఫిన్ డబ్బా చేతికిస్తూ అన్నది, షారోన్ డాడీ, ఇంకెన్ని దినాలు ఆ గాజులు బీరువల పెట్టి తాళమేస్తరు, ప్రేమ్‌రాజ్ నిన్న మళ్ల వచ్చిండు, కోచ్ అయి ఉండి గట్ల గుమ్మంల నిలబడి బతిమాలుకోవాల్నా, నేను గాజులు నాలుగే ఉన్నాయి కదా, నాలుగుతో ఏం చూపిస్తాను అన్నాను, నాలుగుంటే ఐదోది కొనుక్కరాండ్రి, లాడ్ బజార్ ఏమన్న బొంబాయిల ఉన్నదా, మీ బడికెల్లి నడిస్తే వస్తది అన్నది, చెప్పులు వేసుకున్నాను, ఐదు లక్క గాజులు, వంటింటి గచ్చు మీద అవే ఐదుగురు ఆటగత్తెలు, నా చాక్‌పీసు బంతి, నా చూపుడువేలు ఎదుటి జట్టు, అన్నం ఉడికేలోగా షారోన్ ఒక ఆట మొత్తం నడిపి చూపించేది, నంబర్లు పెట్టి పిలిస్తే ఎదుటివాళ్లు రెండోసారికే పట్టేస్తరు డాడీ, గందుకే మన పేర్లు పెట్టిన అనేది, అఫ్జల్‌గంజ్ అంటే, బస్సు ఆగంగనే అందరు ఒక్కపారి లేస్తరు చూడు, ఒక్క ముసలామె మాత్రం సీటు ఇడవది, గట్ల నలుగురు బయటికి ఉరుకుతరు, స్వీటీ రింగు కింద కదలకుండ ఉంటది, కంచన్‌బాగ్ అంటే ఫ్యాక్టరీ గేటు, పాసు లేంది అండ్ల పనిచేసే తాతయ్యనే లోపలికి పోనియ్యకపోయేది కదా, ఇద్దరు అడ్డం నిలబడతరు, మరి లాడ్ బజార్ అంటే అని నేను అడగాలి, అడిగితేనే చెప్పేది, లాడ్ బజార్ అంటే బేరం డాడీ, కుదరకపోతే ఏం చేస్తం, వద్దని వెనక్కి మళ్లి పోతం, నిజంగనే పోతున్నట్టు పోతం, సేటు పిలుస్తడు, పిలిచినంక తిరుగుతం, పిలవకముందే తిరిగినవో బేరం పాయె, ఆ ఐదు గాజుల్లో ఆకుపచ్చది తనది, అద్దాలు పొదిగినది, శవపెట్టె మూసేముందు బేబీ దాన్నే తీసి షారోన్ చేతికి తొడిగింది, జ్వరంతో సన్నబడ్డ చెయ్యి, జ్వరమే కదా అని మేమందరం అనుకున్న జ్వరం, గాజు మోచేతి దాకా జారింది.

ఆకుపచ్చది, అద్దాలున్నది, ఒక్కటి కావాలి అన్నాను, సేటు తెల్లగడ్డం నిమురుకుంటూ నవ్వాడు, ఒక్కటి ఎట్లిస్తం సాబ్, ఒంటి గాజు ఎవరన్న అమ్ముతరా, జోడీ తీసుకోండ్రి, సైజ్ ఏంది, రెండు నాలుగా, రెండు ఆరా, రెండు నాలుగు అన్నాను, తెలిసిన విషయం కనక వెంటనే చెప్పగలిగాను, కిస్కే లియే సాబ్, బిటియాకా, కూతురికేనా, హాఁ అని తల ఊపాను, తలకు అబద్ధం చెప్పడం ఎంత తేలికో, అతను అద్దాల గాజులు రెండు చేతిలోకి తీసుకుని దీపం కింద తిప్పుతూ, బిటియాను తీస్కరాండ్రి సాబ్, ఇక్కడ్నే తొడిగి చూస్తం, బిగుతుంటే మారుస్తం, పిల్లలకు పసంద్ కావాలె గదా అన్నాడు, మంచి మాటలే, ఒక్కటీ తప్పు కాదు, నేను వెనక్కి తిరిగి నడిచాను, బురఖాల మధ్య నుంచి, తోపుడుబండి పక్క నుంచి, నిజంగానే వెళ్లిపోతున్నాను, నా ముఖం ఎవరికీ కనపడకూడదు అంతే, వెనక గాజుబల్ల మీద టక్‌మని చప్పుడు, ఆ తర్వాత గొంతు, అరే సాబ్, గుస్సా కైకు, ఇధర్ ఆవో, మీకోసం తగ్గిస్తా, అప్పుడు అర్థమైంది, బేరమాడుతున్నానని అనుకున్నాడు, ఈ వీధిలో కన్నీళ్లు దాచుకోవడానికి వీపు తిప్పినా బేరం కిందే లెక్క, నవ్వు లాంటిది ఒకటి వచ్చింది, ముందు చప్పుడు, తర్వాత పిలుపు, షారోన్ నన్ను ఇక్కడికి తీసుకొచ్చి చూపించింది సరిగ్గా ఇదే, సేటు నోరు చూడకు డాడీ, చేతులు చూడు, గాజులు కింద పెట్టిండంటే పిలుస్తడు, పట్టుకునే ఉన్నడంటే పిలవడు, తిరిగి వెళ్లాను, రెండూ తీసుకున్నాను, నేను అడగకుండానే తగ్గిన ధరకు, సేటు గెలిచినవాణ్ణి చూసినట్టు నన్ను చూసి, పక్కా హైదరాబాదీ ఉన్నరు సాబ్ మీరు అన్నాడు.

షేర్ ఆటో వెనక పోస్టర్, మూసీ హాక్స్ మన జట్టు మన ఊరు, నిరుటిది, ఎండకూ వానకూ వెలిసి అమ్మాయిలందరి ముఖాలూ ఒకే రంగుకు వచ్చాయి, మధ్యలో బంతి పట్టుకున్నది షారోన్ అని నాకు తెలుసు కనక తెలుస్తోంది, ఎక్కి కూర్చున్నాను, తన బొమ్మ నా వీపు వెనక వస్తోంది, చాంద్రాయణగుట్ట దాకా ఆగి ఆగి వెళ్లే ఈ దారిలో నేను అడగకూడని మాట అడిగాను, భాయ్, ఈసారి ఈ జట్టు ఎట్లా ఉంది, డ్రైవరు వెనక్కి తిరక్కుండానే, ఏముంది సార్, ఖతం, గా నడిపించే పోరి ఉన్నప్పుడు మస్తుండె, సెమీస్ దాకా గుంజుకపోయింది ఒక్కతే, ఇప్పుడు కొత్తామెను తెచ్చిండ్రంట పాలమూరుకెల్లి, ఏమొస్తది, గట్లాంటి పోరి మళ్ల రాదు సార్ అన్నాడు, రాదు అన్నాను, నా లోపల ఏదో చల్లబడింది, ఎండలో కుండనీళ్లు తాగినట్టు, ఆ చల్లదనాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, ఇంకొంచెం చెప్పించాలనిపించింది, డిఫెన్స్ బాగుందంటున్నారు కదా అన్నాను, బాగుంటే ఏంది సార్, స్వీటీ మోకాలు బాగైంది, రీబౌండ్లు తెస్తది, తెచ్చి ఎవరికియ్యాలె, నిజమే, ప్రేమ్‌రాజ్ కూడా మా గుమ్మంలో నిలబడి ఇదే అన్నాడు, సార్, అందరు ఉన్నరు, నడిపేది లేదు, కొత్తగ వచ్చిన మహేశ్వరి మంచిగ ఆడతది, చేతులు పాదరసం, బోర్డు మీద గీసి అన్నీ చూపించిన, గీతలు నేర్చుకున్నది, ఆట వస్తలేదు, షారోన్ ఎందుకట్ల పేరు పెట్టిందో, ఎప్పుడు ఆగాలెనో ఎప్పుడు మళ్లాలెనో మీకే తెలుసు, శనివారం చెన్నైతోని మొదటి ఆట, ఒక్క సాయంత్రం రాండ్రి సార్, నేను అన్నాను, నేను తెలుగు మాస్టర్ని ప్రేమ్‌రాజ్, ఆట నాకేం తెలుసు, అతను సరే సార్, మీ ఇష్టం అని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి, దిగాక ఒకసారి వెనక్కి చూశాడు, నేను పిలవలేదు.

కాలనీ బాస్కెట్‌బాల్ కోర్టు మెట్ల మీద బేబీ అప్పటికే ఉంది, పక్కన అమ్మాయిలకు తెచ్చే నిమ్మరసం డబ్బా, గ్లాసులు, షారోన్ పోయాక కూడా ఆ డబ్బా మానలేదు, నేను మానేశాను, నేను ఇటువైపు రోడ్డే మానేసి చుట్టూ తిరిగి ఇంటికి పోతున్నాను, ఆమె నా చేతిలో పొట్లం చూసింది, జరిగి చోటిచ్చింది, కోర్టులో అమ్మాయిలు చెమటతో మెరుస్తున్నారు, స్వీటీ నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి మధ్యలో ఆపుకుంది, మధ్యలో బంతి కొడుతూ సన్నటి పిల్ల, మహేశ్వరే అయ్యుండాలి, జడ గట్టిగా చుట్టుకుంది, షారోన్ లాగా ఏమీ లేదు, ఎడమచేతి వాటం, నడక వేరు, నోరు వేరు, బాగుంది, ఏమీ పోలిక లేదు అనుకున్నాను, ఆ పిల్ల నోరు తెరిచి అరిచింది, లాడ్ బజార్, ఆ పేరు ఆ కోర్టులో వేరే గొంతులో, బేబీ నా మోకాలు పట్టుకుంది, పిల్ల బంతితో రింగుకు వీపు తిప్పింది, రెండడుగులు పోయింది, ఎదుటి పిల్ల చెయ్యి ఇంకా పైనే ఉంది, ఇది గభాలున తిరిగింది, బంతి వెళ్లి ఆ చేతికి కొట్టుకుంది, ప్రేమ్‌రాజ్ విజిల్, మళ్లీ, మళ్లీ లాడ్ బజార్, మళ్లీ అదే తొందర, మళ్లీ ఆ చెయ్యి, ఇట్లా అయితే చెన్నై వాళ్లు నలిపేస్తారు, ఆరింట్లో ఆరోది, అవకాశాలు మృగ్యం, పేపరు అబ్బాయి సరిగ్గా రాశాడు, ఆటో డ్రైవరు సరిగ్గా చెప్పాడు, నా చెయ్యి జేబు మీద ఉంది, మూడోసారి పిల్ల మళ్లింది, అడుగు, అడుగు, భుజం తిప్పబోతోంది, ఇంకా పిలవలేదమ్మా, అని ఎవరో గట్టిగా అరిచారు, తరగతి గది చివరి బెంచీ దాకా వినపడే గొంతు, అందరూ ఆగి నన్నే చూస్తున్నారు, బంతి దొర్లుకుంటూ వచ్చి మెట్టుకు తగిలి ఆగింది, తప్పు కళ్లముందు జరుగుతుంటే ఇన్నేళ్ల నోరు ఊరుకోలేదు, అంతే, నేను కాదు, నా ఉద్యోగం అరిచింది.

లేచి వెళ్లక తప్పలేదు, బీరువా తాళం తీసి ఆ నాలుగు పొద్దున్నే సంచిలో వేసుకొచ్చానని బేబీకి తెలియదు, తెలుసేమో, కోర్టు మీద మోకాళ్లు వంచి కూర్చుని నాలుగు పాతవి పరిచాను, ఐదోది కొత్త ఆకుపచ్చది పెట్టాను, ఇది నువ్వు అన్నాను, జేబులోంచి చాక్‌పీసు తీసి పక్కన పెట్టాను, ఇది బంతి, అమ్మాయిలు చుట్టూ వంగారు, చెమట వాసన, నిమ్మరసం వాసన, లాడ్ బజార్‌కు ఎప్పుడన్నా పోయావా అమ్మా, పోయిన సార్, గాజులు కొన్న, బేరం ఆడావా, పిల్ల తల వంచుకుంది, లే సార్, వాళ్లు ఎంత చెప్తే గంత ఇచ్చిన, నాకు సిగ్గు, మా అమ్మనే ఆడతది బేరం, ప్రేమ్‌రాజ్ నుదురు కొట్టుకున్నాడు, ఇగో, గందుకే వస్తలేదు సార్, ఈమెను లాడ్ బజార్ల నిలువునా దోచుకున్నరు, చెన్నైవాళ్లకు ఈమె ఒక లెక్కనా, అమ్మాయిలు పకపకా నవ్వారు, పిల్ల కూడా నవ్వింది, ఏ, నవ్వకుండ్రి అక్కా అంటూ, సార్, మరి పిలిచిండ్రని నాకెట్ల తెలుస్తది, ఎదుటామె పిలవది కదా అని అడిగింది, మంచి ప్రశ్న, షారోన్‌ను నేను అడిగిన ప్రశ్నే, సేటు నోరు చూడొద్దు, చేతులు చూడాలి, నువ్వు నిజంగా పోతున్నావని నమ్మితే గాజులు కింద పెడతాడు, ఇక్కడ ఎదుటి పిల్ల చెయ్యి దిగుతుంది, అదే పిలుపు, అందాకా తిరగొద్దు, నమ్మేదాకా పోవాలి, నిజంగా పోవాలి, అంటుంటే నా గొంతు నాకే వినపడింది, షారోన్ మాటలు ఒక్కటి పోకుండా నా నోట్లోంచి వేరే పిల్ల చెవిలోకి పోతున్నాయి, ఇవి ఇచ్చేస్తే నా దగ్గర ఏం మిగులుతుంది అని భయపడ్డ మాటలు, మిగిలిన ఆరో గాజు చేతికిస్తే బేబీ తొడుక్కోబోయింది, పట్టలేదు, కొంగున ముడేసుకుంది.

మళ్లీ ఆడారు, నేను గీత అవతల నిలబడ్డాను, పక్కన ప్రేమ్‌రాజ్ ఊపిరి బిగబట్టి ఉన్నాడు, జేబులో కాగితం ఉంది, ఇప్పుడు దాన్ని ఎందుకు దాచుకున్నానో నాకు తెలిసింది, వాళ్లు ఓడాలి, ఆరింట్లో ఆరో స్థానం రావాలి, పేపర్లో మళ్లీ లోటు అని రావాలి, ఊరంతా షారోన్ లేకపోతే ఏముంది అనుకుంటూ ఉండాలి, గెలిచిన రోజు నా బిడ్డను మరిచిపోతారు, ఇదీ నా లోపల ఇన్నాళ్లూ తిరుగుతున్నది, మాటల్లో పెట్టకుండా తిరుగుతున్నది, లాడ్ బజార్ అని అరిచింది మహేశ్వరి, వీపు తిప్పింది, అడుగు, అడుగు, ఇంకో అడుగు, పోతోంది, ఆట వదిలేసి ఇంటికి పోతున్నంత నిజంగా పోతోంది, ఎదుటి పిల్ల చెయ్యి దిగింది, తిరిగింది, ఎడమచేత్తో లేపింది, బంతి సాయంత్రపు వెలుతురులోకి లేచి, వంగి, రింగు అంచు మీద పడి, ఒక చుట్టు తిరిగి, లోపలికా బయటికా అని ఆగి, బయటికి జారిపోయింది, అయ్యో అని వినపడింది, బేబీ కాదు, ప్రేమ్‌రాజ్ కాదు, అది నేనే, పడాలని ఉండింది నాకు, ఆ పిల్ల వేసింది పడాలని.