ఆగి ఉన్న బండిలో పాఠాలు

కళ్ల డాక్టరు గది బయట బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నప్పుడు, అతను జేబులోంచి బండి తాళం తీసి భార్య అరచేతిలో పెట్టాడు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే మడిచి మూశాడు. తాళం ఇంకా వెచ్చగా ఉంది.

పంతొమ్మిదేళ్లుగా అతను నడుపుతున్న బూడిదరంగు మినీవ్యాన్ అది. వారానికి మూడు రోజులు, కిడ్నీలు పాడైన ముగ్గురిని పొద్దున్నే ఇళ్ల దగ్గర ఎక్కించుకుని, రక్తం శుద్ధి చేయించుకోవడానికి పట్నం అవతలి ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. మధ్యాహ్నం మళ్లీ ఇళ్లకి చేర్చేవాడు. అందరికీ అతను డ్రైవరుగారే. ఆమె ఇంట్లో కూర్చుని కర్టెన్లు కుట్టేది. అతని చూపు అంచుల దగ్గర మొదలై లోపలికి మూసుకుంటూ వచ్చింది. కొన్నాళ్లు గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండేదట. ఇప్పుడా గొట్టమూ మూసుకుపోయి, వెలుగూ నీడా మాత్రం మిగిలాయి.

"వాళ్లు వేరే బండి చూసుకుంటార్లెండి," అంది ఆమె ఇంటికొచ్చాక.

"రెండు నెలలు ఆసుపత్రి వాళ్లే బండి పంపిస్తారట. ఆ తర్వాత? నువ్వు నేర్చుకో."

"నాకు కుట్టుమిషను తప్ప ఇంకో మిషను తెలీదు."

"దానికీ పెడలే కదా ఉంది."

ఆమె నవ్వింది. నవ్వాక గాని తెలియలేదు, ఒప్పేసుకున్నానని.

రోడ్డు మీద నడపడం ఆమె తమ్ముడు నేర్పాడు. అతను మెకానిక్కు, ఓపికమంతుడు. అక్క గేరు బదులు వైపర్ల కాడ లాగినా నొచ్చుకోకుండా, "వానొస్తుందేమోలే అక్కా," అనేవాడు. కానీ బండిని అర్థం చేసుకోవడం నేర్పింది మాత్రం భర్తే. పెరట్లో ఆగి ఉన్న బండిలో, సాయంత్రం ఎండ వాలుగా సీట్ల మీద పడుతుంటే, పక్క సీట్లో కూర్చుని పాఠం చెప్పేవాడు.

ఆ సాయంత్రాలు ఆమెకి నిద్రకీ మెలకువకీ మధ్య జరిగినట్టుండేవి. అద్దాలన్నీ ఎత్తి ఉంటే వీధి చప్పుడు ఎక్కడో నీళ్ల అడుగున వినిపించేది. అతను చెయ్యి చాపితే ఏ మీట ఎక్కడుందో వేళ్లకే తెలిసేది. ఇది అద్దం మీద ఆవిరి పోగొట్టే గాలి. ఇది పక్క తలుపు లాక్. వెనక కూర్చున్నవాళ్లు పొరపాటున తెరవకుండా. ఇది ఎర్ర త్రికోణం బటను. ఇది నొక్కితే నాలుగు మూలలా లైట్లు కొట్టుకుంటాయి, దూరం నుంచే జనానికి తెలుస్తుంది నువ్వు ఇబ్బందిలో ఉన్నావని.

"మనుషులకి కూడా ఉంటే బాగుండేది ఆ బటను," అంది ఆమె.

అతను మాట మార్చాడు. "అద్దాలు ముందు. సీటు సర్దుకో, తర్వాత అద్దాలు, తర్వాత బెల్టు. వెనక ముగ్గురి బెల్టులూ పడ్డ చప్పుడు వినిపిస్తేనే తాళం తిప్పు. ఎన్ని చప్పుళ్లు?"

"మూడు."

"నీది?"

"నాలుగు."

మొదటిసారి తాళం సగం తిప్పినప్పుడు, మీటర్ల కింది నల్లటి అద్దంలో ఒక్కసారిగా బొమ్మలన్నీ వెలిగాయి. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం. ఎవరో చీకట్లో పూసల పెట్టె మూత తీసినట్టుంది.

"ఎర్రది వెలిగితే ఆగాలి. నారింజది వెలిగితే తొందర్లోనే చూపించుకోవాలి. ఆకుపచ్చ, నీలం ఏమీ చెడు చెప్పవు, ఏది పనిచేస్తోందో చెప్తాయంతే. అంతకుమించి ఏమీ లేదు," అన్నాడతను. "ఏమేం కనిపిస్తున్నాయో చెప్పు."

ఆమె చెప్పింది. ముక్కు ఉన్న కూజా, దాని కొసన ఒక చుక్క. నీళ్లలో నిలబెట్టిన తాళంచెవి. కొమ్ములున్న పెట్టె. ఒళ్లో బంతి పెట్టుకుని కూర్చున్న మనిషి. అతను కడుపు పట్టుకుని నవ్వాడు. జబ్బు బయటపడ్డాక అంతలా నవ్వడం అదే మొదలు. నవ్వినా సగం బొమ్మలు పోల్చుకోలేకపోయాడు. అందుకని ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె ఒక కర్టెను ముక్క తీసుకుని, లావు దారంతో బొమ్మలన్నీ ఉబ్బెత్తుగా కుట్టింది. మర్నాడు బండిలో అతని ఒళ్లో పరిచింది. అతను చూపుడు వేలితో వాటిని తడుముతూ పోయాడు.

"కూజా అంటే ఇంజినాయిలు. ఇది వెలిగితే క్షణం కూడా నడపకు. ఈ తాళంచెవి ఇంజిను వేడి. పెట్టె బ్యాటరీ. ఈ బంతి మనిషి..." వేలు ఆగి, మళ్లీ కదిలింది. "గాలి సంచీ. గుద్దుకున్నప్పుడు విచ్చుకుంటుందే, అది."

"మరి ఈ సున్నా? లోపల నిలువుగీత, కింద చుక్క."

"బ్రేకు. హ్యాండ్ బ్రేకు వేసుంటే వెలుగుతుంది."

"అది దించేసినా వెలుగుతోందండీ. ఇంజిను స్టార్టయ్యాక అన్నీ ఆరిపోయాయి, ఇదొక్కటీ ఉండిపోయింది."

"ఉండదు. నా బండిలో అదెప్పుడూ ఉండిపోలేదు." అతని గొంతు కాస్త గట్టిపడింది. "వైరు వదులైందేమో."

తమ్ముడు వచ్చి చక్రం విప్పి చూశాడు. తర్వాత బ్రేకు పలక ఒకటి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. బొటనవేలంత మందం ఉండాల్సింది అట్టముక్కలా అరిగి ఉంది.

"బావా, ఈ లైటు ఎన్నాళ్లుగా వెలుగుతోంది?"

"నేను నడిపినన్నాళ్లూ వెలగలేదు."

"ఇది ఒక్క రోజులో అరిగేది కాదు బావా. బ్రేకు నూనె కూడా అడుగంటింది."

"వెలగలేదని చెప్పానుగా!"

తమ్ముడు కొత్త పలకలు వేసి, నూనె పోసి వెళ్లిపోయాడు. ఆ చిన్న సున్నా ఆరిపోయింది. ఆమెకి మాత్రం ఆ రాత్రి కళ్లు మూస్తే రెప్పల వెనక అది కనిపించింది. గొట్టంలోంచి చూసే మనిషికి ఎదుటి రోడ్డు కనిపిస్తుంది. గొట్టం కింద ఏముందో కనిపించదు. ఎన్ని నెలలో! వెనక సీట్లో ముగ్గురు, దారి మలుపులు, అతని మోకాళ్ల పైన వెలుగుతున్న ఎర్రదీపం. పక్కన అతను మేలుకునే ఉన్నాడని ఊపిరి చెబుతూనే ఉంది. ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

లైసెన్సు పరీక్ష రెండోసారికి గట్టెక్కింది. ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి కాగితమూ వచ్చింది. ముగ్గురినీ తిప్పడం మొదలుపెట్టాక మూడు వారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. ముందు రిటైరయిన లెక్కల మాస్టారు ఎక్కేవారు. తర్వాత గుడ్డబొమ్మలు చేసే బొమ్మల పిన్ని. చివర్లో గడియారాలు బాగుచేసే తాత. ఆయన ఎక్కగానే, "అరనిమిషం ఆలస్యం అమ్మాయ్," అనేవాడు, ముందొచ్చినా సరే.

నాలుగో వారం ఒకనాడు పొగమంచు దిగింది. ఇళ్లూ గోడలూ కరిగిపోయి, లోకమంతా బండి చుట్టూ పది అడుగుల తెల్లదనంగా మిగిలింది. ఆమె చిన్న లైట్లే వేసింది. పెద్ద లైటు వేస్తే మంచు గోడలా లేచి నిలబడుతుందని అతను చెప్పాడు. వేగం తగ్గించింది. వెనకవాళ్లు కూడా గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. ఒక దీపస్తంభం తేలుతూ వచ్చి తేలుతూ వెళ్లిపోయింది. ఒక సైకిలు, మనిషి లేనట్టే, బెల్లు మాత్రం మోగిస్తూ దాటింది.

"మేఘంలో పోతున్నట్టుంది కదూ," అంది బొమ్మల పిన్ని.

అప్పుడే వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేవడం ఆమె చూసింది. అద్దాల మీద ఆవిరి పోవడానికి వేసిన ఏసీ కట్టేసింది. వేడిగాలి పూర్తిగా తిప్పింది. ఇంజిను వేడిని కొంత లోపలికి లాగుతుందని ఆగిన బండిలో నేర్చుకున్నదే. ముల్లు దిగలేదు. నీళ్లలో నిలబెట్టిన తాళంచెవి ఎర్రగా వెలిగింది.

ఆమె ఎర్ర త్రికోణం నొక్కింది. బండిని రోడ్డు మీంచి పక్కకి దించి, మంచులోంచి పైకొచ్చిన ఒక వెడల్పాటి గేటు ముందు నిలిపి, ఇంజిను ఆపింది. బానెట్ కిందనుంచి ఆవిరి లేచి మంచులో కలిసిపోయింది. ముందు ముగ్గురినీ రోడ్డు లేని వైపు నుంచి దింపింది. మెరిసే త్రికోణం పలక తీసుకెళ్లి బండికి చాలా వెనగ్గా రోడ్డంచున నిలబెట్టి వచ్చింది. ఆ తర్వాతే ఫోను తీసింది.

"ఆసుపత్రికి ఎంత దూరంలో ఉన్నారు?" అన్నాడు భర్త.

"ఇంకో నాలుగు కిలోమీటర్లుంటుంది."

"అంతేనా? రేడియేటరు మూత తీసి నీళ్లు పోసి, మెల్లగా పోనీ. వాళ్లకి టైము దాటకూడదు. పంతొమ్మిదేళ్లలో ఒక్కనాడు వాళ్లని ఆలస్యం చెయ్యలేదు నేను."

"వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుందని మీరే చెప్పారు. ఎర్రగా ఉందండీ. నేను కదలను."

"నేను చెప్తున్నా కదా, ఏం కాదు!"

ఆమె నోటిలోంచి మాట వచ్చేసింది. "ఆ పంతొమ్మిదేళ్లలో చివర్న ఎన్నాళ్లు కనిపించలేదు మీకు, ఈ లైట్లు?"

ఫోను పెట్టేశాడేమో అనుకుంది.

"అక్కడే ఉండు," అన్నాడు చివరికి. "తమ్ముణ్ని తీసుకుని వస్తున్నా."

ఆసుపత్రికి ఫోను చేస్తే, రెండు గంటలు ఆలస్యమైనా పరవాలేదన్నారు. ఆ గేటు ఒక మొక్కల నర్సరీది. నర్సరీ ఆవిడ వీళ్లని చూసి, "చలిలో ఎందుకమ్మా, లోపలికి రండి," అని ప్లాస్టిక్ పందిరి కిందకి తీసుకెళ్లింది. అక్కడ మంచు లేదు. తడిమట్టి వాసన, పాలరంగు వెలుతురు, వేలకొద్దీ వేలెడంత మొక్కలు. కప్పు మీంచి నీటిబొట్లు ఒక్కోటీ తీరిగ్గా రాలుతున్నాయి. ముగ్గురూ బోర్లించిన తొట్ల మీద కూర్చున్నారు. మాస్టారు మొక్కల్ని వరసల లెక్కన గుణించడం మొదలుపెట్టి, మధ్యలో ఒదిలేసి, ఊరికే చూస్తూ ఉండిపోయారు. బొమ్మల పిన్ని ఒక లేత ఆకుని చెంపకి ఆనించుకుంది. గడియారాల తాత ఒక్కసారి కూడా టైము చూడలేదు.

గంట గడిచాక తమ్ముడు వచ్చాడు. పగిలిన నీటి పైపు విప్పి చూపించాడు. "ఇంకో రెండు కిలోమీటర్లు నడిపుంటే ఇంజిను పట్టేసేది అక్కా. ఈ మంచులో, నడిరోడ్డు మీద ఉన్నపళంగా ఆగిపోయేది."

అతని భుజం పట్టుకుని నడిచొచ్చిన భర్త ఆ మాట విన్నాడు. తడుముకుంటూ పందిరిలోకి వచ్చి, గొంతులు వినిపిస్తున్న వైపు తిరిగి నిలబడ్డాడు.

"మీ ముగ్గురికీ ఒక మాట చెప్పాలి," అన్నాడు. "నేను బండి మానేసే ముందు ఏడు నెలలు నాకు రోడ్డు తప్ప ఏమీ కనిపించేది కాదు. పక్కలూ తెలిసేవి కావు, మీటర్లూ తెలిసేవి కావు. బ్రేకు లైటు వెలుగుతూనే ఉందట. నాకు తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. మిమ్మల్ని అలాగే తిప్పాను."

బొట్లు రాలుతున్నాయి. బొమ్మల పిన్నే ముందు మాట్లాడింది. "ఆ ఎర్రచుక్కా? వెనక సీట్లోంచి రోజూ చూసేదాన్ని నాయనా. బండి మెలకువగానే ఉందని చెప్పే దీపమేమో అనుకున్నా. దాన్ని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది."

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. గడియారాల తాత లేచి నిలబడ్డాడు.

"నాకు చావంటే భయం లేదనుకున్నావా డ్రైవరూ? వారానికి మూడు రోజులు సూదులు గుచ్చించుకునేది బతకడానికేగా! నువ్వు నా ప్రాణంతో ఆడుకున్నావు. ఇప్పుడు చెప్పి నీ మనసు తేలిక చేసుకుంటున్నావు. నేనేం చేసుకోను దీన్ని?"

"నిజమే తాతా," అన్నాడతను. "తేలికేం కాలేదు."

తమ్ముడు కొత్త పైపు బిగించాక, తాత అందరితోపాటు బండెక్కాడు గాని ఆసుపత్రి వచ్చేదాకా కిటికీలోంచి తెల్లదనంలోకే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి వారం ఆయన వస్తాడో రాడో తెలియక, ఆమె ఆయన గుమ్మం ముందు బండి ఆపి ఎదురుచూసింది. ఆయన వచ్చాడు. వెనక్కి వెళ్లలేదు. ముందు తలుపు తీసి, ఆమె పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"తాళం తిప్పమ్మాయ్. నేను చూస్తా."

బొమ్మలన్నీ వెలిగాయి. ఆయన వాచీ లోపలి పళ్లచక్రాల్ని చూసినంత దగ్గరగా వంగి, ఒక్కొక్కటీ ఆరేదాకా చూశాడు. "అన్నీ పోయాయి. పోనీ." ఆ రోజు నుంచి అదే ఆయన పని.

పాఠాలు చెప్పిన తన సీటు పోయిందని భర్త అనలేదు. కొన్నాళ్లకి తాతే, "ఆ డ్రైవర్ని ఇంట్లో ఒక్కణ్నీ కూర్చోబెట్టి ఏం చేస్తావు, వెనక చోటుందిగా," అన్నాడు, అతని పేరెత్తడం ఇష్టం లేనట్టు మొహం పెట్టి. అలా అతను వాళ్లతో రావడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో పిన్ని మంచం పక్కన కూర్చుని, ఆమె ఒక చెయ్యి సూదులకి ఇస్తే, రెండో చేతికి బొమ్మల దూది అందించేవాడు.

ఒక మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో, పొడుగ్గా సాగిన రోడ్డు మీద ఎండ మెత్తగా కాస్తుంటే, ఆమె మధ్య అద్దంలోకి చూసింది. మాస్టారూ పిన్నీ అలసి నిద్రపోతున్నారు. వాళ్ల పక్కన ఆమె భర్త కూడా, తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు. ఆ బండిలో అతను నిద్రపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

గుంత ఒకటి వస్తుంటే చూసి, వేగం తగ్గించి, కుదుపు లేకుండా దాటించింది.