ఒక రోజుకు సరిపడా చలవ

పొద్దున లేవగానే ఫ్లోరా చేసే మొదటి పని పాల ప్యాకెట్టును రెండు నిమిషాలు అరచేతుల్లో పట్టుకోవడం. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో కరెంటును నమ్ముకుని ఫ్రిజ్ కొన్నవాళ్ళంతా విరిగిన పాలు పారబోసుకుంటుంటే, ఆ ఇంట్లో పెరుగు కూడా పులిసేది కాదు. చీరాలలో పుట్టిన నాటి నుంచీ ఆమె చేతులు అంతే. తెల్లారేసరికి వాటిలో చలవ నిండుతుంది. వాడుకున్న కొద్దీ తగ్గి, పొద్దుగూకేసరికి అందరి చేతుల్లాగే వెచ్చబడతాయి. ఆమె నర్సు. డ్యూటీ ఉన్న రోజున ఆస్పత్రి పిల్లల వార్డులో జ్వరం కేసులన్నీ ఆమె వైపు మంచాలకు మార్చేవాళ్ళు.

ఆమె భర్త పౌలురాజుకు పాత కంప్యూటర్లంటే ప్రాణం. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని లోకం అనుకుంటే అనుకోనీ, ఎనిమిదేళ్ళ నాటి బోర్డులో కూడా వేగంగల ప్రాసెసర్ కూర్చోబెట్టి పరుగెత్తించవచ్చని ఆయన వాదం. పరుగెత్తేది కూడా. కాకపోతే గంటో రెండు గంటలో నడిచి, వేడెక్కి చతికిలబడేది. ఎంత పెద్ద ఫ్యాన్ బిగించినా అదే వరస. ఆఫీసులో ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. భార్య బస్సెక్కుతుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడటం ఆయనకు చచ్చేంత సిగ్గుగా ఉండేది.

నెహ్రూ ప్లేస్‌లో పాత కంప్యూటర్లు అమ్మే దశరథ్ చివరికి ఒక మాటన్నాడు.

"నీ మెషీన్ నా కళ్ళముందు నాలుగు గంటలు ఆగకుండా నడవాలి, రాజు భయ్యా. నడిస్తే నా దుకాణంలో నీకు పని, ఒక బల్ల నీదే."

రెండువేల ఆరు, మే నెల. తొమ్మిదింటికల్లా దశరథ్ ఇంటికే వచ్చి సోఫాలో కూర్చున్నాడు. పదకొండు దాటాక తెరమీద వేడి చూపించే అంకె ఎగబాకడం మొదలుపెట్టింది. పౌలురాజు వంటింట్లోకి వెళ్ళాడు.

"ఫ్లోరా, ఒక్కసారి చెయ్యి వెయ్యవా?"

"రెండింటికి డ్యూటీ ఉందండీ. వార్డులో పెర్సిస్‌కి నిన్నటి నుంచి జ్వరం దిగట్లేదు. మన నెల్లూరోళ్ళ పాప, చెప్పాను కదా."

"పది నిమిషాలే."

"పిండి కొద్దీ రొట్టె. నా చేతుల్లో ఎంత ఉంటదో మీకు తెలీదా?"

తెలుసు. తెలిసే అడిగాడు. ఏడు నెలలుగా ఏదీ కావాలనని మనిషి అడిగాడని ఫ్లోరా చేతులు తుడుచుకుని వచ్చి, ప్రాసెసర్ మీది అల్యూమినియం రేకులకు అరచెయ్యి ఆనించింది. అంకె దిగింది. చెయ్యి తీస్తే మళ్ళీ ఎక్కింది. రెండో చెయ్యి పెట్టింది. అలా మార్చి మార్చి ఒంటిగంట దాకా నిలబడింది.

దశరథ్ టీ కప్పు కింద పెట్టి లేచాడు.

"భాభీకి అనవసరంగా శ్రమ. దుకాణంలో ఏసీ ఉంది, చల్లబరిచే పని అది చూసుకుంటుంది. నేను చూసింది నీ పనితనం. పదింటికే ఖాయం చేసుకున్నాను. రేపట్నుంచి వచ్చెయ్."

ఆ మాట పదింటికే చెప్పొచ్చుగా, పెద్దమనిషి!

పౌలురాజుకు మాత్రం ఆ క్షణాన అదేమీ తట్టలేదు. సాయంత్రం అయిదింటికి మిఠాయి పొట్లం పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. వార్డు గుమ్మం దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. ఫ్లోరా పాప నుదుటి మీద ఒక చెయ్యి తీసి ఇంకో చెయ్యి పెడుతోంది. పొద్దున ప్రాసెసర్ మీద మార్చినట్టే మారుస్తోంది. పాప తల్లి ఆమె మోచెయ్యి పట్టుకుని, "ఇంకాసేపు ఉంచండి సిస్టర్, ఇప్పుడు దిగుద్ది, ఇంకాసేపే" అని బతిమాలుతోంది.

చీకటి పడకముందే పాప పోయింది. మెదడువాపు, ఎవరి చెయ్యీ ఆపగలిగేది కాదన్నారు డాక్టరుగారు. ఫ్లోరా తల ఊపింది. ఇంటికొచ్చి మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఆయన బతికిపోయేవాడు.

వానలు పడ్డాక పౌలురాజుకే జ్వరం వచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే, పొద్దున్నే ఫ్లోరా మంచం పక్కన కూర్చుని చెయ్యి చాపింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"వద్దు. వార్డుకి పట్టుకెళ్ళు."

"జ్వరం నూట నాలుగుందండీ."

"పట్టుకెళ్ళు ఫ్లోరా."

మే నెల నుంచి ఆపుకున్న ఏడుపంతా ఆమెకు అప్పుడొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, బస్సుకు వెళ్ళింది. ఆయన లేచి తడిగుడ్డ తనే వేసుకున్నాడు.

ఆరు రోజులకు జ్వరం దానంతటదే దిగింది. ఆ తర్వాత ఎప్పుడైనా పెళ్ళాం చెయ్యి పట్టుకోవాలనిపిస్తే, పౌలురాజు ఆమె డ్యూటీ దిగి వచ్చేదాకా, ఆ చేతుల్లో ఇంకేమీ మిగలని వేళదాకా ఆగేవాడు.