అద్దాల మీద ఉప్పు

ఆమె కళ్ళద్దాల మీద ఉప్పు.

తెల్లగా, సన్నగా, పొడిపొడిగా. పడవ దిగిన గంట నుంచీ ఇంతే. గాలి ఆగదు, ఉప్పు ఆగదు. చొక్కా అంచుతో తుడుస్తాను. మళ్ళీ పేరుకుంటుంది. మళ్ళీ తుడుస్తాను.

ముప్ఫై ఏళ్ళుగా నా పని ఇదే. కళ్ళద్దాల దుకాణం నాది. మా ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్నవి నేను బిగించినవే.

నా భార్యకు చూపు పోతోంది.

చిన్న దీవి. ఈ కొసన పాత కోట, ఆ కొసన దీపస్తంభం. మధ్యలో రాతి ఇళ్ళు, అరిగిన మెట్లు, ఎండలో పడుకున్న పిల్లులు. అంతా కలిపి గంట నడక. ఇక్కడికి జనం విశ్రాంతికి వస్తారు. రాగానే గడియారం తీసి సంచిలో పడేస్తారు.

నేను తియ్యలేదు.

కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతిందని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు. చూపు ఇక కొన్ని నెలలే అన్నాడు. ఆమెను బయట కూర్చోబెట్టి నాకు మాత్రం ఇంకో మాట చెప్పాడు. ఏడాది ముందు తీసుకొచ్చి ఉంటే నిలిచేదట. మీరు అద్దాల మనిషే కదండీ, అని కూడా అన్నాడు.

ఆ మాట ఆమెకు చెప్పలేదు. సముద్రం చూసొద్దాం పద, అన్నాను.

తలనొప్పి అన్నప్పుడల్లా అద్దాలు మార్చాను. మూడుసార్లు మార్చాను. గుమ్మానికి భుజం కొట్టుకుంటే, కళ్ళు నెత్తికెక్కాయా అని ఆటపట్టించాను. ఆమె కూడా నవ్వింది... ఎంత బాగా నవ్విందో.

పరీక్ష చెయ్యకుండా మార్చలేదు. గోడకు అక్షరాల పట్టిక. పై వరుస పిడికిలంత, కింది వరుస చీమంత. మూడుసార్లూ కుర్చీలో కూర్చోబెట్టాను. మూడుసార్లూ చివరి వరుస దాకా గడగడా చదివింది. శభాష్, అన్నాను.

ఇప్పుడు చూపిస్తున్నాను.

కోట గోడ చూడు. ఫిరంగి గొట్టంలో పిచ్చుక గూడు చూడు. ఆ నీలం చూడు, దాని వెనక ముదురు నీలం చూడు. నా వేలు చూపిన చోటికి ఆమె మెడ తిరుగుతుంది. కళ్ళు వెతుక్కుంటాయి. దొరికిందంటుంది. దొరకలేదని నాకు తెలుసు. అయినా ఇంకోటి చూపిస్తాను. ఉన్న నాలుగు రోజుల్లో సముద్రమంతా మూటగట్టి ఆమెకు ఇచ్చెయ్యాలని నా ఆత్రం.

మూడో రోజు కోట మెట్ల మీద ఆగిపోయింది.

"చూపించింది చాలు. కాసేపు కూర్చోండి."

కూర్చున్నాను. ఆమె చెప్పులు విప్పి అరికాళ్ళు రాతికి ఆనించింది.

"ఒకటి చెప్తాను, కోప్పడకూడదు. మన పట్టిక నాకు కంఠతా వచ్చు."

నాకు అర్థం కాలేదు.

"రోజూ దాని దుమ్ము దులిపేది నేనేగా. కింది వరుసలు ఎప్పుడో కనబడటం మానేశాయి. కనబడట్లేదంటే మీరు బెంగపెట్టుకుంటారు. చదివితే మీ మొహం వెలిగిపోయేది. అందుకే చదివేశాను."

కింద అల రాళ్ళను కొట్టింది. మళ్ళీ కొట్టింది.

ఆ పట్టికకు వెనక వైపు వేరే అక్షరాలు ఉంటాయి. కొందరు బడిపిల్లలు ముందే బట్టీపట్టి వస్తారు, వాళ్ళకని తిప్పుతాను. ఊరందరి పిల్లల్నీ అనుమానించాను. ఆమెకు ఒక్కసారీ తిప్పలేదు. నా భార్య కదా అనుకున్నాను.

చెయ్యి చాపితే అందే మేకుకు వేలాడే అట్ట. ఒక్కసారి తిప్పితే సరిపోయేది...

"నా వల్లే ఆలస్యమైందా? డాక్టరు మీతో ఏమైనా అన్నాడా?"

ఇక్కడికి వచ్చిందే ఆ మాట చెప్పడానికి. రోజూ పొద్దున్నే నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. నిన్నటిదాకా చెబితే తప్పు నా ఒక్కడిదే అయ్యేది. ఇప్పుడు చెబితే సగం ఆమె నెత్తిన వేసుకుంటుంది. ఆ బరువుతో చీకట్లోకి వెళ్తుంది.

"ఏమీ అనలేదు," అన్నాను.

ఆమె తలూపింది. నమ్మిందో లేదో తెలియలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ కళ్ళను చూశాను, తెలియలేదు.

ఆ సాయంత్రం గదిలోకి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని నడుస్తోంది. మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా. అడుగులు లెక్కపెట్టుకుంటోంది. నేను తలుపు చప్పుడు కాకుండా వేసి వరండాలో నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

చివరి పొద్దు. పడవ వచ్చేలోపు దీపస్తంభం దగ్గరికి పోదాం అంది.

స్తంభం పాదం దగ్గర ఒక శిలాఫలకం ఉంది. వచ్చిన రోజు దాన్ని నేనే ఆమెకు చదివి వినిపించాను. ఆమె అద్దాలు తీసి, తుడవమని నా చేతికిచ్చింది. రాయికి ఎదురుగా నిలబడింది.

"నూట ఇరవై ఏళ్ళు ఈ దీపం ఒక్క రాత్రీ ఆరలేదు. దీన్ని చూసి ఒడ్డు చేరినవారు ఎందరో. చేరనివారి జ్ఞాపకంగా ఈ రాయి."

ఒక్క అక్షరం పోలేదు.

నా వైపు తిరిగింది. నాకు కొంచెం పక్కగా, గాలి వైపు చూస్తూ నవ్వింది. నా మొహం కోసం చూస్తోంది.

"శభాష్," అన్నాను.

దూరంగా పడవ కూత.

ఆమె అద్దాలు నా చేతిలోనే ఉన్నాయి. వాటి మీద ఉప్పు... తుడుస్తున్నాను. మళ్ళీ పేరుకుంటోంది. మళ్ళీ తుడుస్తున్నాను.